గోడకు సున్నం, ఖాతాలో పుణ్యం

న్యాల్‌కల్ మండలంలోని మా ఊరి బడి గోడ మీద ప్రపంచ పటం ఉంది. ఆరేళ్లలో అమెరికా తెలుగు పిల్లల సేవా జట్లు మూడు వచ్చి ఆ గోడకు రంగులు వేశాయి. మొదటి జట్టు పటం గీసింది. రెండో జట్టు దాని మీద సున్నం కొట్టి ఇంగ్లిష్ సూక్తులు రాసింది. మూడో జట్టు ఆ సూక్తులు చెరిపి మళ్లీ పటమే గీసింది. నీలం రంగు ఎక్కువై హిందూ మహాసముద్రం కిందికి కారి అరుగు మీద గడ్డకట్టింది. పిల్లలు దాన్ని గోళ్లతో గీకి ఆడుకుంటారు. పటంలో డల్లాస్‌కు ఎర్ర చుక్క ఉంది, హైదరాబాద్‌కు అంతకన్నా చిన్న చుక్క ఉంది. బడి ఉన్న చోట ఏమీ లేదు. జట్టు వెళ్లాక నాలుగు ఖాళీ బకెట్లు మిగిలాయి. మధ్యాహ్న భోజనం వండే అక్క వాటిని కిరసనాయిలు పోసి రుద్ది నీళ్లకు పెట్టుకుంది. మూడు యాత్రల మీద బడికి దక్కిన ఆస్తి అదే.

గోడను అలా ఉంచండి. ఆ జట్టు ఇల్లు చేరాక జరిగే సభ సంగతి మాట్లాడదాం. ఏ ఊళ్లో పెట్టినా ఆ సభ ఒకేలా ఉంటుంది. స్లైడ్లు, చప్పట్లు, మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పూడుకుపోయే ఒక పదిహేడేళ్ల పిల్ల, ముందు వరుసలో కళ్లొత్తుకునే తల్లి. చివర్లో, “వాళ్లకు ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో” అనే మాట. ఒక పిల్లవాడి ఫోనులో ఇలాంటి సభ వీడియో ఊరంతా చూశాం. అందులో మేం కూడా ఉన్నాం, నవ్వుతూ.

ఈ యాత్రల మీద అమెరికా తెలుగు ఇళ్లలోనూ, వాళ్లను చూసి ఇక్కడి నగరాల ఇళ్లలోనూ ఒక అభిప్రాయం గట్టిపడిపోయింది. దాన్ని పలుచన చేయకుండానే చెబుతాను. పిల్లలు ఏసీ గదుల్లో పెరుగుతున్నారు, తినే అన్నం ఎక్కణ్నుంచి వస్తుందో ఎరగరు. పది రోజులు ఒక పల్లెలో ఉండి, నేల ఊడ్చి, గోడకు రంగేసి, చిన్నపిల్లలకు నాలుగు ఇంగ్లిష్ ముక్కలు చెప్పి వస్తే ఊరికి ఎంతో కొంత మేలు. ఊరికి పెద్దగా ఒరగకపోయినా పిల్లలు మారి ఇంటికొస్తారు. మన మూలాలూ తెలుస్తాయి. ఊళ్లోవాళ్లకు బయటి లోకం తెలుస్తుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. తప్పులెన్నేది ఏ పనీ చేయనివాళ్లే, వాళ్ల మాట వింటే జరిగే కాస్త మంచీ ఆగిపోతుంది.

ఇలా అనుకునేవాళ్లలో కపటం లేదు. టికెట్ల కోసం ఏడాది పొడుగునా కూడబెట్టిన తల్లిదండ్రులు నాకు తెలుసు. ఎండకు కళ్లు తిరిగి కూలబడ్డా బ్రష్షు వదలని పిల్లవాణ్ని కళ్లారా చూశాను. మనసులు మంచివే. లెక్కే తప్పు.

1. ‘ఏమీ లేనిదానికన్నా ఎంతో కొంత నయం’

ఖర్చు లేనప్పుడు చెల్లే మాట ఇది. ఖర్చున్న చోట, ఆ ఖర్చుకు ఇంకేం వచ్చేదో అడగాలి.

1998లో మిచ్ తుపాను హోండురస్‌ను ముంచెత్తాక ఇళ్లు కట్టిపెడతామని ఉత్తర అమెరికా నుంచి చర్చి జట్లు బారులు తీరాయి. అప్పట్లో కాల్విన్ కాలేజీలో పనిచేస్తున్న కర్ట్ వెర్ బీక్ ఆ ఇళ్ల లెక్క తీసి 2006లో ప్రచురించాడు. ప్రయాణ ఖర్చులు కలిపితే ఆ జట్లు కట్టిన ఒక్కో ఇల్లు సుమారు 30,000 డాలర్లు పడింది. స్థానిక సంస్థలు కట్టిన ఇల్లు సుమారు 2,000 డాలర్లు. ఒక ఇంటి సొమ్ముకు పదిహేను ఇళ్లన్నమాట. పోనీ, విమానమెక్కి వచ్చినవాళ్లు కట్టిన ఇంట్లో ఉన్న కుటుంబం ఎక్కువ బాగుపడిందా అంటే, ఆయనకు ఆ తేడా ఏమీ కనబడలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. జహీరాబాద్‌లో పొద్దున్నే బ్రష్షులు పట్టుకుని అడ్డా మీద నిలబడే సున్నం మేస్త్రీని అడగండి. అమెరికా నుంచి హైదరాబాద్‌కు ఒక్క టికెట్టు డబ్బులతో ఎన్ని బడులకు రంగు పడుతుందో వేళ్ల మీద లెక్కేసి చెబుతాడు. అతను వేసిన గోడ మీంచి సముద్రం కిందికి కారదు.

ఇక ఊరు పెట్టే ఖర్చును రాసేవాళ్లే లేరు. స్వాగతం డాన్సుకు రెండు రోజుల ప్రాక్టీసు. నాలుగు రోజులు పాఠాలు బంద్. అనుమతి కాగితాల కోసం హెడ్మాస్టరు తిరుగుళ్లు. మంచినీళ్ల క్యాన్లు. వంటకు సాయం రమ్మంటే కైకిలి మానుకుని వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు. ఇదంతా ఊరి పెట్టుబడి. సభలో మాత్రం అది జట్టు చేసిన సేవగా లెక్కకొస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

ఈ ‘ఎంతో కొంత’ ముదిరితే ఎక్కడికి పోతుందో కంబోడియా చూపించింది. అనాథ పిల్లలకు సేవ చేస్తామని విదేశీయులు వస్తున్న కొద్దీ, 2005లో 154 ఉన్న అనాథాశ్రమాలు 2010 నాటికి 269 అయ్యాయి. వాటిలో ఉన్న పిల్లల్లో దాదాపు ముప్పాతిక మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. సేవకులు పెరిగితే, సేవ చేయించుకునేవాళ్లను తయారుచేసే వ్యాపారం దానంతటదే పుడుతుంది.

2. ‘ఊరి సంగతెలా ఉన్నా, పిల్లలు మారతారు కదా’

అసలు కోట ఇదే. మిగతా వాదనలన్నీ కూలాక అందరూ వచ్చి తలదాచుకునేది ఇందులోనే.

మొదట, మారతారన్నది ఎంతవరకు నిజం? వెర్ బీక్ ఈ సంగతి కూడా చూశాడు. వెళ్లొచ్చినవాళ్లను అడిగితే, తమ బతుకు మారిందనీ, ఇచ్చే చెయ్యి పెద్దదయిందనీ చాలామంది చెప్పారు. వాళ్లను పంపిన సంస్థ ఖాతాలు తీసి చూస్తే వాళ్లిచ్చిన సొమ్ము చెప్పుకోదగ్గంత పెరగలేదు. వాళ్లు అబద్ధమాడలేదు, కదిలిపోవడాన్ని మారిపోవడం అనుకున్నారు. శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం అని మన పెద్దలు పేర్లు పెట్టి మరీ చెప్పిన సరుకే ఇది. ఆ వరసలో యాత్రా వైరాగ్యం ఒకటి చేర్చుకుంటే సరి. విమానం దిగిన మొదటి వారం కంచంలో మెతుకు వదలరు. రెండో నెలలో షరా మామూలే.

రెండోది, అసలు ఏం తెలుసుకుని మారారు? సభలో చెప్పిన ఆ మాటనే పట్టి చూద్దాం: వాళ్లకు ఏమీ లేదు, అయినా సంతోషంగా ఉన్నారు. అందులో ముందు సగం తప్పు, వెనక సగం తొందరపాటు. నల్లరేగడిలో కంది, పెసర, జొన్న, శనగ, కుసుమ పండించుకుని, ఏ మడికి ఏ విత్తనమో కళ్లు మూసుకుని చెప్పే ఇంటిని ‘ఏమీ లేని’ ఇల్లు అనరు. పిల్లలు నవ్వారంటే ఆ నాలుగు రోజులు పాఠాలు లేవు, బిస్కెట్ పొట్లాలున్నాయి, పైగా ఇంటికొచ్చిన మనిషి ముందు మొహం ముడుచుకోకూడదని ఇంట్లో నేర్పారు. మర్యాదను చూసి సంతోషమనుకున్నారు. ఆ పొరపాటు చిన్నదేమీ కాదు. ఏమీ లేకుండానే సంతోషంగా ఉన్నారంటే, ఇక వాళ్ల కోసం ఏదీ మారనక్కర్లేదనే కదా?

మా మండలంలో ఆ నవ్వు వెనక ఏముందో చెబుతాను. నిమ్జ్ అని మేం పిలుచుకునే జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలం కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 ఊళ్లలో 12,635 ఎకరాలు తీసుకునే పని ఏళ్ల తరబడి నడుస్తోంది. 2024లో డప్పూర్, మల్గి, వడ్డి ఊళ్లలో ఫార్మా పరిశ్రమలకు భూములు తీసుకుంటారన్న కబురు రాగానే రైతులు రోడ్డెక్కారు. రంగుల జట్టుకు రోజూ నీళ్లందించిన పిల్లవాడి తండ్రి ఆ వారమంతా పరిహారం కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. మీ నాన్న ఏడీ అని జట్టులో ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే సభలో చెప్పే మాట వేరేగా ఉండేది. ఆ మాటకు చప్పట్లు పడేవో లేదో.

మూడోది నాకు అన్నిటికన్నా కంటగింపు. సరే, మారతారనే అనుకుందాం. పరాయి పిల్ల మనసు పండటానికి ఒక ఊరు పది రోజులు ఖర్చుపెడితే దాన్ని చదువు అంటారు. చదువుకు ఫీజు ఉంటుంది, గురువుకు జీతం ఉంటుంది. ఇక్కడ జీతం లేకపోగా గురువునే దీనుడని పిలుస్తారు, శిష్యుడు మెడల్ పట్టుకుని పోతాడు. మెడల్ అంటే మాటవరసకు అనడం లేదు. 2003లో అమెరికాలో పెట్టిన ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు లెక్క ప్రకారం 16 నుంచి 25 ఏళ్ల వాళ్లకు ఏడాదిలో 100 గంటలకు కంచు, 175 గంటలకు వెండి, 250 గంటలకు బంగారం ఇచ్చేవారు. గోడకు రంగేసిన ప్రతి గంటా ఇలా ఏదో ఒక ఫారంలోకి ఎక్కుతుంది, కాలేజీ దరఖాస్తులోకీ ఎక్కుతుంది. ఆ గంటసేపూ కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మనిషి గంట ఎందులోకీ ఎక్కదు.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మెక్సికోకు సేవకు వెళ్లే అమెరికా విద్యార్థుల సమావేశానికి 1968 ఏప్రిల్‌లో ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్‌ను పిలిచారు. పిలిచినవాళ్ల మొహం మీదే ఆయన వాళ్ల మంచి ఉద్దేశాలను ఉతికి ఆరేశాడు. నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా తప్పులేదు, సాయం పేరు చెప్పి వచ్చి పెత్తనం చేయకండి అన్నది ఆయన ప్రసంగ సారం. ఆ పిల్లల మనవలకు ఈ వేసవిలోనూ అదే యాత్రను అమ్ముతున్నారు.

3. ‘మూలాలు తెలుస్తాయి’

ఎవరి మూలాలు? మా ఊరికొచ్చిన మూడు జట్లలో ఒక్కరి తాతముత్తాతలదీ ఈ చుట్టుపక్కల ఊరు కాదు. ఒకరిది గుడివాడ వైపు, ఒకరిది కరీంనగర్, ఒకరిది విశాఖ. బీద ఊరైతే చాలు, మూలమైపోతుందా? ఇక్కడి భాషే వాళ్లకు అందలేదు. బీదర్ పక్కన ఉండేవాళ్లం, మా ఇళ్లలో ఒకే మాటలో తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసి దొర్లుతాయి, కొన్ని ఇళ్లలో మరాఠీ కూడా. నాలుగు భాషలు మోసే పిల్లలకు పది రోజుల్లో ఒక భాష నేర్పిపోవాలని వచ్చారు.

ఒక పిల్లవాణ్ని అడిగాను, మీ అమ్మమ్మ ఎక్కడుంటుంది బాబూ అని. హైదరాబాద్‌లోనే, కూకట్‌పల్లిలో. ఆమె దగ్గర ఎన్నాళ్లున్నావ్ అంటే, వెళ్లేటప్పుడు రెండు రోజులుంటాను అన్నాడు. సొంత అమ్మమ్మకు రెండు రోజులు, మాకు పది. మోకాళ్ల నొప్పులతో ఒంటరిగా ఉన్న ఆమె చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తే అది ఏ ఫారంలోకీ ఎక్కదు మరి.

4. ‘వాళ్లకు బయటి లోకం చూపిస్తారు’

ఈ మాట జహీరాబాద్ ప్రాంతాన్ని చూసి అన్నవాళ్లకు ఈ ప్రాంతం తెలియదు.

పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఈ ఊళ్లలో పనిచేస్తోంది. అందులోని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళా రైతులు. 2001లో అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. చిన్న రైతులూ కూలీలూ తీర్పరులుగా కూర్చున్నారు, చదువుకున్న నిపుణులు వచ్చి వాళ్ల ముందు సాక్ష్యం చెప్పారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గొప్పగా చెప్పుకున్న ‘విజన్ 2020’లోని సేద్యం మాకు వద్దని ఆ తీర్పరులు తేల్చారు. 2008 అక్టోబరులో మాచ్నూర్ నుంచి సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది ఈ ఊళ్ల ఆడవాళ్లే. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వీళ్లకు లోకం చూపిస్తామని ప్లస్ టూ చదివే పిల్లలు బయల్దేరడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మరో సంగతి ఉంది, మన సభల్లో ఎవరూ ఎత్తనిది. ఈ ఊళ్ల నుంచి కూడా జట్లు కట్టి విదేశాలకు వెళ్లారు. సంఘం ఆడవాళ్లు వీడియో కెమెరా నేర్చుకుని, వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు మండిపడుతున్నారో 2003లో సినిమాగా తీశారు. తర్వాత అదే ప్రశ్న పట్టుకుని మాలీ, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా వెళ్లారు. ఆ యాత్ర మీద తీసిన సినిమా 2007లో వచ్చింది.

ఇద్దరి సంచులూ విప్పి చూద్దాం. మా ఊరి నుంచి వెళ్లిన రంగుల జట్టు సంచిలో ఏముంది? తమ ఫోటోలు, పిల్లలను ఎత్తుకున్నవి. ఆ అక్కల సంచిలో ఏముంది? టేపులు. వాటిలో మాట్లాడేది అక్కడి పత్తి రైతు. విత్తనానికి ఎంత పెట్టాడు, మందు ఎన్నిసార్లు కొట్టాడు, చివరికి ఏం మిగిలింది అన్నదే మాట. వాళ్లు అక్కడ ఏ గోడకూ రంగు వేయలేదు. ప్రశ్న అడగడానికి వెళ్లారు, విన్నారు, విన్నదాన్ని తెచ్చి ఇక్కడి రైతు ముందు తెర మీద పెట్టారు. ఇంటికి తిరిగి రావడమంటే అది. తిరిగొచ్చినవాడు బాకీతో వస్తాడు, ఆ బాకీ తీర్చాల్సింది విన్న మాటకే గానీ తన అనుభవానికి కాదు.

ఈ లెక్క ఇక్కడివాళ్లకు కొత్త కాదు. సంఘం విత్తన బ్యాంకులో గంపెడు విత్తనం తీసుకున్న మనిషి పంటొచ్చాక అంతకంటే ఎక్కువ కొలిచి ఇవ్వాలి. సంక్రాంతికి బయల్దేరే పాత పంటల జాతరలో బండ్లు నెల రోజులు ఊరూరా తిరుగుతాయి, బండి నిండా విత్తనాలు. అది కూడా జట్టు యాత్రే. ఆగిన ప్రతి ఊళ్లో ముందు ఆ ఊరి రైతు చెప్పింది వింటారు. ఈ ప్రాంతానికి నేర్చుకుందామని వచ్చిన విద్యార్థులు, పరిశోధకులు ఎందరో ఉన్నారు, చేను గట్టు మీద కూర్చుని రాసుకుని వెళ్లారు. వాళ్ల మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. వాళ్లు సేవ అనలేదు.

5. ‘విమర్శిస్తే ఉన్నదీ పోతుంది’

పోనీయండి. రెండేళ్లు ఇక్కడే ఉండి పనిచేసిన అమెరికా పీస్ కోర్ వాలంటీర్లు 1961లో మన దేశానికి వచ్చి 1976లో వెళ్లిపోయారు. వాళ్లు పోయారని ఏ ఊరూ ఆగలేదు. పది రోజుల జట్టు రాకపోతే ఆగేది స్వాగతం డాన్సు ఒక్కటే.

ఇది విదేశాల నుంచి వచ్చేవాళ్ల మీద అక్కసు అనుకుంటారేమో. తిలా పాపం తలా పిడికెడు, నా పిడికెడు కూడా చెబుతాను. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన జాతీయ సేవా పథకం నా కాలానికి మా కాలేజీలోనూ ఉండేది. వారం రోజుల శిబిరంలో ఒక ఊళ్లో మేం చెమటోడ్చి ఇంకుడు గుంత తవ్వాం. తవ్వింది ఒక రైతు బండి దారిలో. మేం తవ్వుతుంటే అతను గట్టున నిలబడి చూశాడు, మజ్జిగ కూడా పోశాడు, వద్దనలేదు. మేం బస్సెక్కిన మరుసటి రోజే పూడ్చుకున్నాడట. ఎందుకు వద్దనలేదని చాలా ఏళ్లు ఆలోచించాను. మేమెవరమూ అడగలేదు, అందుకు. నా సర్టిఫికెట్టు ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉంది.

కాబట్టి సంస్కరణ సలహాలేవీ నా దగ్గర లేవు. ఈ యాత్రలకు సేవ అన్న పేరు తీసేయాలి. నేర్చుకోవడానికి వస్తే ఫీజు కట్టాలి, ఎంతో ఊరు చెబుతుంది, వద్దంటే రాకూడదు. మీ ఊళ్లో మీకు రాని పని మా ఊళ్లో చేయకూడదు. గోడ కట్టడం, పాఠం చెప్పడం, కట్టు కట్టడం, ఏదైనా సరే. మీ బడిలో ఎవరి పిల్లల ఫోటో అడగకుండా తీయరో, మా బడిలోనూ తీయొద్దు. ఇల్లు చేరాక మీరు పెట్టే సభలో చెప్పబోయేది ముందు మాకు పంపాలి, తెలుగులో. గ్రామసభలో చదువుతాం. ఇందులో తప్పుందని ఊరంటే అది తీసేశాకే చప్పట్లు. ఇవి కుదరకపోతే అమ్మమ్మ దగ్గర పన్నెండు రోజులూ ఉండండి.

ఈ డిసెంబరుకు నాలుగో జట్టు వస్తామని రాసింది. గోడకు ఏ రంగు కావాలని అడిగింది. బడి కమిటీలో ఉన్నందుకు జవాబు రాసే పని నా మీద పడింది. గోడ బాగానే ఉందనీ, ఆ రోజుల్లో శనగ చేలో కొసలు గిల్లే పని ఉంటుందనీ, కావాలంటే నేర్పుతామనీ రాశాను. ఫీజు దగ్గర ఖాళీ వదిలి చేనుకు వెళ్లి పనిలో ఉన్నవాళ్లను అడిగాను.

“ఎంతనేముంది తమ్మీ, కైకిలి ఎంతుంటె గంత రాయి” అంది ఒక అక్క.

“నేర్పేటోళ్లకు కైకిలి రేటేంది అక్కా” అన్నాను.

పక్క సాళ్లో ఉన్న అవ్వ వంచిన నడుము ఎత్తకుండానే, “ఆళ్లు పీకి పారేసే చెట్ల లెక్క గూడ రాయి బిడ్డా” అంది.

రోజుకు ఎన్ని చెట్లు పీకుతారన్న దాని మీద వాళ్లిద్దరికీ ఇంకా పడటం లేదు.